పాత జీపుకు ప్రాణం పోయాలంటే: ముందు పత్రాలు, తరువాత బ్రేకులు, చివర రంగు

పల్లెల్లో రైసుమిల్లుల వెనుక, పాత పెంకుటిళ్ల చావడుల్లో, పొగాకు బ్యారన్ల పక్కన ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిపోయిన జీపులు నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. టైర్లు నేలలోకి కుంగిపోయి, సీట్ల కింద కోళ్లు గుడ్లు పెడుతున్నా, ‘నాన్నగారి బండి’ అన్న మమకారంతో వాటిని పాత ఇనుముకు వేయడానికి ఇంటివారికి మనసు రాదు. ఇటీవలి కాలంలో ఇటువంటి బండ్లను బయటకు తీసి, ఇంటి ఆవరణలోనే సొంతంగా బాగుచేసుకోవాలన్న ఆసక్తి యువతలోనూ, ఉద్యోగ విరమణ చేసినవారిలోనూ పెరుగుతోంది.

ఆసక్తి మంచిదే. కానీ ఉత్సాహంతో విప్పిన బండ్లలో చాలా వాటిని తిరిగి బిగించేవారు ఉండరు. కొందరు మొదటే రంగుకూ, సీట్లకూ, వెడల్పు టైర్లకూ ఉన్నదంతా ఖర్చుచేసి, బ్రేకుల వద్దకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. మరికొందరు బండి సిద్ధమయ్యాక రవాణాశాఖ కార్యాలయానికి వెళ్లి, ధ్రువపత్రంలోని అంకె ఒకటి, బండి మీది అంకె మరొకటి అని తెలుసుకుని నిర్ఘాంతపోతారు. పాత జీపు బాగుచేయడంలో కష్టం పనిలో కంటే, పనుల వరుసలో ఎక్కువగా ఉంది. ఆ వరుస తప్పితే డబ్బు పోతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదకూ వస్తుంది.

యుద్ధం నుంచి ఊరి వీధికి

జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం. 1940లో అమెరికా సైన్యం తేలికైన నాలుగు చక్రాల చోదక వాహనం కావాలని కోరగా బాంటమ్, విల్లీస్, ఫోర్డ్ సంస్థలు నమూనాలు తయారుచేశాయి. చివరకు ఖరారైన రూపంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మహీంద్రా సంస్థ ముంబయిలో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. అమెరికాలో 1953లో మొదలైన ‘సీజే-3బీ’ అనే ఎత్తు బానెట్ రకం జీపు, అక్కడ 1968లో ఆగిపోయినా మన దేశంలో ఆ తరువాత కూడా చాలాకాలం తయారైంది. మనవారు ‘పెట్రోలు జీపు’ అని పిలిచే బండ్లలో అధికభాగం ఈ కుటుంబానికి చెందినవే.

డ్రైవరు ఇంజినుకు పైగా, ముందుకు కూర్చునే ‘ఎఫ్‌సీ’ రకం పికప్ బండ్లు కూడా ఈ వంశంలోనివే. అమెరికాలో 1965లో వాటి ఉత్పత్తి ముగిశాక మహీంద్రా ఇక్కడ కొనసాగించింది. వెనుక తొట్టె ఉంటే సరకు బండిగా, బాడీ కట్టిస్తే చిన్న బస్సుగా ఇవి పనిచేశాయి. 1980లలో పెజో డీజిల్ ఇంజినుతో ‘ఎంఎం 540’ వంటి రకాలు వచ్చి పెట్రోలు ఖర్చు భరించలేని రైతులకు, వ్యాపారులకు చేరువయ్యాయి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాత పల్లెవాసులకు జీపు అంటే ‘బ్లాకు ఆఫీసు బండి’. తహసీల్దారు, మలేరియా నివారణ సిబ్బంది, ఎన్నికల ప్రచారకర్త అందరూ దానిమీదే వచ్చేవారు. విశాఖ మన్యంలో బస్సు వెళ్లని దారుల్లో సంతకు వెళ్లే జనాన్ని మోసినవీ జీపులే. ప్రభుత్వ వేలంలో కొన్న జీపులే తరువాత ఎన్నో ఇళ్లకు సొంత వాహనాలయ్యాయి.

ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరాదని, వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలని కేంద్రం తెచ్చిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందువల్ల ఇంటి చావడిలో ఉన్న పాత జీపు పోతే, వేలంలో మరొకటి తెచ్చుకునే అవకాశం దాదాపు లేనట్లే.

స్పానరు పట్టేముందు ఆర్సీ పట్టాలి

బండిలో ఒక్క బోల్టు విప్పక ముందే చేయవలసిన పని ఒకటుంది. రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం తీసి, అందులోని చాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద చెక్కిన అంకెలతో సరిపోతున్నాయో లేదో చూడాలి. చాసిస్ అంకె మట్టి, గ్రీజు, పాత రంగు పొరల కింద దాగి ఉంటుంది. దాన్ని కిరోసిన్‌లో ముంచిన గుడ్డతోనూ, మెత్తని బ్రష్షుతోనూ మాత్రమే శుభ్రం చేయాలి. గ్రైండింగ్ చక్రం గానీ, ఇసుక జల్లే సాండ్ బ్లాస్టింగ్ గానీ ఆ చోట తగలరాదు. అంకె చెరిగిన బండిని దొంగ బండిగా అనుమానించే ప్రమాదం ఉంది. అంకె కనిపించగానే ఫొటో తీసి, పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని ఆర్సీతోపాటు భద్రపరచాలి.

తండ్రి, తాతల పేరున ఉన్న బండి అయితే వారసుల పేరుకు మార్పించుకోవడం రెండో పని. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగిలిన వారసుల అంగీకారం వంటివి కుదిరిన తరువాతే ఖర్చు మొదలుపెట్టడం వివేకం. బండి బాగుపడి విలువ పెరిగాక అన్నదమ్ముల మధ్య తగవు తేవడం కంటే ముందే మాట్లాడుకోవడం మేలు. బయటివారి వద్ద కొనేవారు సైనిక వేలంలో వచ్చిన బండి అయితే ఆ విక్రయ పత్రాన్ని, ఇతర రాష్ట్రం నుంచి వచ్చినదైతే నిరభ్యంతర పత్రాన్ని తప్పక అడగాలి. ‘కాగితాలు తరువాత చూసుకోవచ్చు’ అనే అమ్మకందారు వద్ద కొనకపోవడమే లాభం.

సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 15 ఏళ్లు దాటిన తేలికపాటి మోటారు వాహనాలకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలకు పెంచారు. గడువు దాటి ఏళ్లు గడిచిన బండికి జరిమానా, పన్ను బకాయి కలుస్తాయి. కనుక మొత్తం ఎంతవుతుందో ముందుగానే రవాణాశాఖ కార్యాలయంలో అడిగి లెక్కలో వేసుకోవాలి.

ఇంజిను మార్చితే ఏమవుతుంది?

పెట్రోలు ఖర్చు తట్టుకోలేక పాత జీపుల్లో డీజిల్ ఇంజిను బిగించడం ఒకప్పుడు సర్వసాధారణం. ఆ మార్పు ఆర్సీలో నమోదై ఉంటే చిక్కు లేదు. నమోదు కాకుండా మార్చినదైతే తనిఖీలో బండి నిలిచిపోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి చోట్ల ఆకర్షణీయంగా కొత్తగా కట్టి ఇచ్చే జీపులు చూసి మోజుపడేవారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి.

అసలు రూపాన్ని కాపాడినవారికి చట్టమే ఒక దారి చూపింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలు దీనికి అర్హమైనవి. చాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పు జరిగి ఉండరాదు. పాత నంబరు ఉన్న బండి అదే నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి రాష్ట్ర సంకేతం తరువాత ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. ధ్రువపత్రం 10 ఏళ్లు చెల్లుతుంది. అయితే ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ ప్రయాణానికి, కిరాయికి వాడరాదు.

దీన్నిబట్టి యజమాని ముందే ఒక నిర్ణయానికి రావాలి. 1975లో రిజిస్టరైన జీపు 2025లో ఈ అర్హతకు చేరింది. అటువంటి బండిలో పాత పెట్రోలు ఇంజిను తీసి పారేస్తే, మళ్లీ సంపాదించలేని అర్హతను చేజేతులా వదులుకున్నట్లే. సంతకూ పొలానికీ నిత్యం వాడుకోదలచినవారు మాత్రం వింటేజ్ నమోదు జోలికి పోకుండా మామూలు పునరుద్ధరణే చేయించుకోవాలి.

విప్పడం తేలిక, గుర్తుంచుకోవడం కష్టం

పనికి ఎంచుకునే చోటు వాన పడనిది, నేల గట్టిది అయి ఉండాలి. జాక్కీ ఎత్తిన బండి మట్టి నేలలో కుంగుతుంది. జాక్కీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరడం అతి ప్రమాదకరం. ఇనుప స్టాండ్లు గానీ, అడ్డంగా పేర్చిన గట్టి చెక్క దిమ్మెలు గానీ చాసిస్ కింద పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి.

స్పానర్ల విషయంలో తొలి పొరపాటు జరుగుతుంది. విల్లీస్ వంశపు జీపుల బోల్టులు అంగుళాల కొలతలోనివి. వాటికి మిల్లీమీటర్ల స్పానరు వేస్తే తల గుండ్రంగా అరిగిపోయి, చివరకు ఉలితో కోయవలసి వస్తుంది. పెజో ఇంజినుకు మాత్రం మిల్లీమీటర్ల స్పానర్లే పడతాయి. పాత జీపుల్లో చాలావాటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. మామూలు నట్లు వదులయ్యే దిశకు వ్యతిరేక దిశలో తిప్పితేనే అవి వదులవుతాయి. ఇది తెలియక పైపు తగిలించి బలంగా తిప్పినవారు స్టడ్లు విరగ్గొట్టుకుంటారు.

విప్పే ప్రతి భాగాన్ని విప్పేముందు ఫొటో తీయాలి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయకుండా, ఏ చోటివి ఆ చోటి పేరు రాసి వేర్వేరు సంచుల్లో కట్టాలి. తుప్పు పట్టి పనికిరాదనిపించిన ముక్కను కూడా బండి పూర్తయ్యేవరకు పారేయరాదు. కొత్తది వెతకడానికీ, లేత్ మీద చేయించడానికీ అదే నమూనా. అన్నిటికంటే ముఖ్యం, బండి మొత్తాన్ని ఒకేసారి విప్పకపోవడం. బ్రేకులు విప్పితే బ్రేకులు పూర్తిచేసి బిగించాకే స్టీరింగ్ విప్పాలి. నిలబడి ఉన్న బండికి ఎప్పటికైనా పని జరుగుతుంది. ముక్కలై మూలన చేరినది మాత్రం ఇనుప సామాను బేరగాడి చేతికే పోతుంది.

తుప్పు ఎక్కడ దాగి ఉంటుంది?

పైకి కనిపించే తుప్పు కంటే కనిపించనిదే ప్రమాదకరం. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుతూ పోతే మంచి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్నచోట బొద్దుగా మోగుతుంది. ముందు వైపు పెట్టెలా మూసి ఉన్న చాసిస్ భాగంలోనూ, కమాన్ కట్టల బ్రాకెట్ల వద్దనూ, అడ్డపట్టీలు కలిసే చోటా మట్టి పేరుకుని చెమ్మ నిలుస్తుంది. తొలితరం విల్లీస్ బాడీల కింది పట్టీలలో చెక్క ముక్కలు అమర్చేవారు. ఆ చెక్క తడి పీల్చి లోపలి నుంచి ఇనుమును తినేస్తుంది.

నేల రేకు పోతే కొత్త రేకు వేయించవచ్చు. దాన్ని టింకరింగ్ మేస్త్రీ ఒకటి రెండు రోజుల్లో పూర్తిచేస్తాడు. చాసిస్ పగులు సంగతి వేరు. పగులు మీద రేకు ముక్క అతికి రంగు వేయడం కంటికి కట్టిన గంతే. పగులు చివర రంధ్రం చేసి, అది పాకకుండా ఆపి, లోతుగా వెల్డింగ్ చేసి, సరైన మందం పట్టీతో బలపరచగల పనివాడికే దాన్ని అప్పగించాలి. తుప్పు గుంటలను పుట్టీతో పూడ్చడం కూడా తప్పే. రెండు వానలకు పుట్టీ ఊడి, తుప్పు రెట్టింపై బయటపడుతుంది.

ఇంజినును నిద్ర లేపే పద్ధతి

ఏళ్ల తరబడి ఆగిన ఇంజినును బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం, ట్రాక్టరుకు కట్టి లాగడం తగదు. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు పట్టేసి ఉంటే బలవంతంగా తిప్పినప్పుడు రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ముందు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో డీజిల్, ఇంజిను ఆయిల్ కలిపిన మిశ్రమం కొద్దిగా పోసి కొన్ని రోజులు వదలాలి. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి. ఆ తరువాత ముందున్న హ్యాండిల్‌తో మెల్లగా అటూ ఇటూ కదిపి చూడాలి. కదిలితే తొలి గండం గడిచినట్లే.

యుద్ధకాలపు విల్లీస్ ఇంజిను 4 సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల సామర్థ్యం, 60 అశ్వశక్తి గలది. దాని వాల్వులు అన్నీ బ్లాకులోనే ఉంటాయి కనుక హెడ్ కేవలం మూత వంటిది. నేర్చుకునేవారు దాన్ని ఇంటివద్దే తీసి మసి గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించవచ్చు. సీజే-3బీ ఇంజినులో లోపలికి గాలి తీసుకునే వాల్వులు హెడ్‌లోకి, పొగ వదిలేవి బ్లాకులోకి వచ్చాయి. రెండిటికీ నిప్పురవ్వ వరుస 1-3-4-2. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల మధ్య ఎడం సుమారు అర మిల్లీమీటరు, ప్లగ్గు ఎడం ముప్పావు మిల్లీమీటరు ఉండాలి. ‘స్టార్టు కావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావరకు పాయింట్లు శుభ్రపరచి, కండెన్సర్ మార్చి, కార్బురేటర్ కడిగితే తీరిపోయేవే. ఇంజిను విప్పవలసిన అవసరం ఉందా లేదా అన్నది వాటి తరువాతే తేల్చుకోవాలి.

కంప్రెషన్ గేజీతో నాలుగు సిలిండర్లూ చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే పరవాలేదు. ఒకటి బాగా తక్కువ చూపితే ఆ సిలిండరులో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగినట్లు, పెరగకపోతే వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ చెడినట్లు. బోర్ చేయించడం, క్రాంకు గ్రైండింగ్ వంటివి లేత్ కార్ఖానాల పని. పెజో వంటి డీజిల్ ఇంజిను పంపు, ఇంజెక్టర్లను ఇంట్లో విప్పరాదు. పరీక్షించే యంత్రం ఉన్న పంపు షాపులోనే వాటిని సరిచేయించాలి.

నీటి దారిని చాలామంది మరచిపోతారు. రేడియేటరులోనూ, బ్లాకు లోపలా ఏళ్ల నాటి బురద, తుప్పు గడ్డకట్టి ఉంటాయి. ముందు కడిగించకపోతే కొత్త రింగులు వేసిన ఇంజిను కూడా వేసవి ఎండలో మొదటి పది కిలోమీటర్లకే మరిగిపోతుంది.

ఆగలేని బండి కదలరాదు

పాత జీపులో అత్యంత శ్రద్ధ చూపవలసిన భాగం బ్రేకులు. వాటిలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ఆయిల్ వలయం ఉంటుంది. నేటి కార్లలో ఒక వలయం లీకైనా మరొకటి బండిని ఆపుతుంది. పాత జీపులో ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. అందువల్ల ‘లీకైన వైపు మాత్రం మార్చుదాం’ అన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. మాస్టర్ సిలిండరు, నాలుగు వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, తుప్పు పట్టిన ఇనుప గొట్టాలు అన్నీ ఒకేసారి కొత్తవి వేయాలి. బ్రేకు వలయంలో ఇంజిను ఆయిల్, గ్రీజు వంటివి పొరపాటున కూడా చేరరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చే గుణం కలది కనుక మూత తీసిన డబ్బాను నెలల తరబడి దాచి వాడరాదు.

ఈ జీపుల చేతి బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న చిన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. అక్కడి ఆయిల్ సీలు కారితే లైనింగ్ తడిసి ఘాట్ రోడ్డులో నిలిపిన బండి వెనక్కి జారిపోతుంది. లైనింగ్‌కు ముందు ఆ సీలు మార్చాలి.

స్టీరింగ్ చక్రం ఇటూ అటూ ఊగినా చక్రాలు కదలకపోవడం పాత జీపులో సాధారణ జబ్బు. చాలామంది వెంటనే స్టీరింగ్ బాక్సును బిగిస్తారు. అరుగుదల తరచుగా దాని కింద, ముందు అడ్డపట్టీకి బిగించిన బెల్ క్రాంకులోనూ, రాడ్ చివరల్లోనూ, కింగ్ పిన్ బేరింగుల్లోనూ ఉంటుంది. ఒకరు చక్రం తిప్పుతుంటే మరొకరు కింద నుంచి ఒక్కో కీలు పట్టి చూస్తే ఎక్కడ ఊగుతోందో తేలిపోతుంది.

వైర్లు, పెట్రోలు

తొలితరం జీపులు 6 వోల్టులవి, తరువాతివి 12 వోల్టులవి. బ్యాటరీ కొనేముందు ఇది తేల్చుకోవాలి. ఎలుకలు కొరికిన, అక్కడక్కడ టేపు చుట్టిన పాత వైర్లను అతుకులతో సరిపెట్టడం అగ్ని ప్రమాదాన్ని ఇంటికి పిలిచినట్లే. రంగుల వారీగా కొత్త వైరింగ్ వేసి, ఒక్కో విభాగానికి ఫ్యూజు పెట్టడం రెండు సెలవు రోజుల పని.

పెట్రోలు జీపులకు నేటి ఇంధనంతో కొత్త సమస్య వచ్చింది. దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని పొర, కార్బురేటర్ వాషర్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి మెత్తబడి, పగిలి, పెట్రోలు ఇంజిను మీద కారవచ్చు. ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు, కిట్లు వేయించుకోవాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగుకు చేరి తుప్పు పడుతుంది. కనుక ఎక్కువకాలం నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

ఈ జీపుల పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. అది కారుతోందని అలాగే వెల్డింగ్ చేయించడం ప్రాణాంతకం. ఖాళీ ట్యాంకులో పెట్రోలు లేకపోయినా ఆవిరి ఉంటుంది, ఆ ఆవిరే పేలుతుంది. ట్యాంకును తీసి, అటువంటి పని తెలిసిన రేడియేటర్ షాపుకు పంపాలి. బాడీకి వెల్డింగ్ చేసేటప్పుడు కూడా ట్యాంకును తీసి దూరంగా ఉంచి, బ్యాటరీ విప్పి, పక్కన నీళ్లు, ఇసుక సిద్ధం చేసుకోవాలి.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములోని దుమ్మును నోటితోనో, గాలి గొట్టంతోనో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. రంగును నీటితో తడుపుతూనే రుద్దాలి. పిల్లలు ఆడుకునే వాకిట్లో ఈ పనులు చేయరాదు.

విడిభాగాలు, ఖర్చు

జీపు ఎన్నో ఏళ్లు తయారైన బండి కావడం యజమానుల అదృష్టం. బ్రేకు కిట్లు, గ్యాస్కెట్లు, బేరింగులు, కమాన్ బుష్‌ల వంటివి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెతికితే దొరుకుతాయి. పాత బండ్లను విడగొట్టి అమ్మే ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట బజార్లకు దూరప్రాంతాల నుంచి కూడా వెళుతుంటారు. కొనేవారు పాత ముక్కను వెంట తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. పేరు ఒకటే అయినా మరలు, దంతాల సంఖ్య తేడా ఉంటాయి. చాసిస్ నంబరు ఉన్న ముక్కను, నంబరు చెక్కిన ఇంజిను బ్లాకును బిల్లు లేకుండా కొనరాదు.

ఖర్చును ఒక్క మొత్తంగా కాక నాలుగు పద్దులుగా రాసుకోవాలి: పత్రాలు, భద్రత, ఇంజిను, సింగారం. మొదటి రెండింటికి డబ్బు పక్కన పెట్టాకే మూడోది, అది పూర్తయ్యాకే నాలుగోది. విప్పిన తరువాతే బయటపడే జబ్బుల కోసం కొంత మిగుల్చుకోవాలి. శుభ్రపరచడం, బ్రేకులు, వైరింగ్, గ్రీజింగ్, ట్యూనింగ్ శ్రద్ధ ఉన్నవారు అనుభవజ్ఞుడైన మేస్త్రీ పర్యవేక్షణలో ఇంటివద్దే నేర్చుకోవచ్చు. చాసిస్ వెల్డింగ్, బోరింగ్, డీజిల్ పంపు మాత్రం నిపుణులకే వదలాలి. పాయింట్ల ఎడం చూసి, చెవితో టైమింగ్ సరిచేయగల పాతతరం మేస్త్రీలు నానాటికీ తగ్గిపోతున్నారు. ఊళ్లో ఒక్కరున్నా, వారి పక్కన కూర్చుని నేర్చుకోవలసిన సమయం ఇదే.

సైనిక రంగు వేయరాదు

చివరగా రంగు. పాత జీపు అనగానే సైన్యపు ఆకుపచ్చ రంగు వేయాలని చాలామంది ఉబలాటపడతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన ప్రకారం రక్షణశాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదు. రంగు ఆర్సీలో నమోదయ్యే అంశం కనుక, ఉన్న రంగును మార్చదలిస్తే ముందు రవాణాశాఖకు తెలపాలి. బండి తొలి రంగు ఏదో డాష్‌బోర్డు వెనుక, సీటు కింద గీకి చూస్తే తెలుస్తుంది. అదే రంగు వేయించడం అన్నివిధాలా శ్రేయస్కరం.

బాగుపడిన బండిని మొదటిరోజే హైవే ఎక్కించకుండా, ఊరి పొలిమేరలో ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో బ్రేకులు పరీక్షించాలి. తొలి 50 కిలోమీటర్ల తరువాత చక్రాల నట్లు, కమాన్ల యు-బోల్టులు, ఆయిల్ మట్టాలు తిరిగి చూడాలి. గేర్ బాక్సు ఆయిల్ పక్కనున్న ట్రాన్స్‌ఫర్ కేసులోకి పోయే అలవాటు ఈ బండ్లకు ఉంది కనుక రెండిటినీ విడివిడిగా చూడాలి. ముందు చక్రాల గేరును బురదలో, ఇసుకలో మాత్రమే వాడాలి. తారు రోడ్డు మీద వేసి మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుపోతాయి. బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా గుడి దాకా కూడా బండిని తీయరాదు.

ఇంత ఓపిక దేనికని అడిగేవారికి సమాధానం సులభం. ఈ బండిలో ప్రతి భాగాన్నీ కంటితో చూసి, చేత్తో విప్పి, అర్థం చేసుకోవచ్చు. కంప్యూటరు లేదు, మూసిన పెట్టెలు లేవు. పదో తరగతి చదివే పిల్లవాడు పక్కన నిలబడితే నిప్పురవ్వ ఎలా పుడుతుందో, గేరు ఎలా మారుతుందో పుస్తకం లేకుండానే తెలుస్తుంది. రవాణాశాఖ కార్యాలయానికి వెళ్లి వివరాలు అడగడానికి ఖర్చేమీ లేదు. చావడిలో పాత జీపు ఉన్నవారు ఈ వారమే పెట్టె తెరిచి ఆర్సీ వెతికితే, సగం పని మొదలైనట్లే.